మబ్బు పట్టిన మూడు రోజులు

దర్శి దగ్గర మా ఊరు. ఎనభైల్లో నేనూ అన్నయ్యా కలిసి మిరప వేసేవాళ్ళం. పొద్దుటే చేలోకి దిగితే సాయంత్రం దాకా అన్నయ్య నీళ్ళ జోలికి పోయేవాడు కాదు. మా బావినీళ్ళు ఉప్పగా ఉంటాయి, గొంతు దిగవనేవాడు.

ఆ ఏడు మాఘంలో ఎడమ డొక్కలో నొప్పి వచ్చి మెలికలు తిరిగిపోయాడు. మూత్రం ఎర్రగా పడింది. దర్శిలో డాక్టరు గారు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి కందిగింజంత తెల్లటి మచ్చ చూపించారు.

"మూత్రనాళంలో రాయి ఉందండి. నీళ్ళు బాగా తాగితే పడిపోవచ్చు. చలిజ్వరం వచ్చిందంటే మాత్రం ఒక్క పూట కూడా ఆగొద్దు. గుంటూరు తీసుకెళ్ళిపోండి."

అన్నయ్య అప్పటికే బయటికి వెళ్ళి చెప్పులు వేసుకుంటున్నాడు. ఆ మాట విన్నది నేనొక్కణ్ణే.

వారానికి నొప్పి తగ్గింది. "రాయి పడిపోయిందిలేరా," అన్నాడు. అందరం నమ్మాం.

కల్లంలో కాయ ఎండబోసి ఉండగా జ్వరం వచ్చింది. మిట్టమధ్యాహ్నం దుప్పటి కప్పుకుని గజగజ వణికాడు. సరిగ్గా అప్పుడే మబ్బు పట్టింది. తడిస్తే కాయంతా బూజుపట్టి నల్లబడుతుంది.

"ఒరేయ్, ఇది మామూలు జ్వరంలా లేదురా. గుంటూరు పోదామా?"

"కాయ ఎత్తేశాక పోదాంలే అన్నయ్యా. మాత్ర వేసుకుని పడుకో."

డాక్టరు మాట గుర్తులేక కాదు. గుర్తుంది.

మూడోరోజు బస్తాలు ఎత్తించి ఇంటికొస్తే అన్నయ్య నన్ను గుర్తుపట్టలేదు. పొద్దుటి నుంచి మూత్రం కూడా రాలేదని వదిన చెప్పింది. జీపులో గుంటూరు చేర్చాం. రాయి అడ్డుపడి మూత్రపిండం చీముతో నిండిందనీ, ఆ విషం రక్తంలో కలిసిందనీ అక్కడ చెప్పారు. గొట్టం వేసి చీము తీశారు. మర్నాడు మధ్యాహ్నం అన్నయ్య పోయాడు. వాన ఆ వారమంతా పడలేదు.

పెద్దకర్మ అయ్యాక వదిన నన్ను పక్కకు పిలిచింది.

"అబ్బాయ్, జ్వరమొస్తే ప్రమాదమని ఆ డాక్టరు ముందే చెప్పలేదా?"

"లేదు వదినా."

ఆనాటి నుంచి ఆవిడ ఆ డాక్టర్ని తిట్టుకుంటూనే ఉండేది.

కొన్నాళ్ళకి దర్శి బస్టాండులో ఆయనే ఎదురై ఆపారు. "మీ అన్నగారికి రాయి పడిపోయిందా?"

"పడిపోయిందండి. బాగున్నాడు," అన్నాను. ఆయన సంతోషించి, నీళ్ళు మాత్రం తాగుతుండమని చెప్పండి అన్నారు.

వదిన పోయి రెండేళ్ళయింది. నిజం చెప్పుకోవాల్సిన మనిషి ఇక లేదు. మబ్బు పట్టిన రోజున నేనిప్పటికీ ఇంట్లో ఉండలేను.