నేను రాసిన అర్జీ, నేను చదివిన అర్జీ

జూలై నెల, రెండో ఆదివారం. ఉదయం పదిన్నర. తమిళనాడు హోసూరులో మా ఇంటి ముందు గది. హాజరు: నేను, నా భార్య, పార్టీ తాలూకా కార్యదర్శి, వేప్పనపల్లి అవతలి పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, ఆమె కోడలు.

పార్టీ సమావేశాల్లో మినిట్సు రాసీ రాసీ, డైరీలో కూడా ముందు హాజరు వేసుకోవడం నాకు అలవాటైంది. ముప్పై రెండేళ్లు కాలేజీలో ఇంగ్లీషు చెప్పాను. అంతకంటే ఎక్కువ కాలం ఎర్రజెండా పట్టుకున్నాను. అసెంబ్లీకి రెండుసార్లు నిలబడి రెండుసార్లూ డిపాజిట్టు పోగొట్టుకున్నాను. నాకు ఓటు వేయని పల్లెలు కూడా అర్జీ రాయించుకోవడానికి మాత్రం నా దగ్గరికే వచ్చేవి. ఇంగ్లీషులో రాస్తే కలెక్టరాఫీసులో కాగితం తొందరగా కదులుతుందని వాళ్లకు చెప్పింది నేనే. ఇంట్లో ఇంగ్లీషులో రాసి తీసుకుపోయేవాణ్ణి. పల్లెలో అందరినీ కూర్చోబెట్టి తెలుగులో చదివి వినిపించేవాణ్ణి. వాళ్లు సంతకాలో వేలిముద్రలో వేసేవాళ్లు. ఇన్నేళ్లలో ఒక్కరు కూడా నేను చదివిందీ కాగితంలో ఉన్నదీ ఒకటేనా అని అడగలేదు.

పెద్దావిడ సంచీలోంచి నీలం మామిడిపళ్లు తీసి బల్ల మీద పెట్టింది.

"కడాకాపు సారూ. ఇంక ఈ ఏడాదికి ఇంతే. తినండి."

తర్వాత కొంగుముడి విప్పి, మడిచిన జెరాక్సు కాగితం నా చేతికిచ్చింది. నా ఇంగ్లీషు, నా పేరా విభజన, కింద అరవైకి పైగా వేలిముద్రలు. పక్కన 'చదివి వినిపించినవారు' అన్న చోట నా సంతకం.

"నా కోడలు ఈడనే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు సారూ. ఆయమ్మ చదివి చెప్పింది. క్వారీ కాంట్రాక్టరు ఈ కాగితం చూపించి, ఊరోళ్లే ఒప్పుకున్నారు అంటాండాడు. రేపు కలెక్టరాఫీసులో విచారణ. గుట్ట పోతే గొర్రెల్ని యాడికి తోలుకోని పోవల్ల మేము?"

నేను కాగితం కేసే చూస్తున్నాను. ఆమే చెప్పుకుపోయింది.

"మీరు చదివినప్పుడు నేను ముందరే కూచోనుంటిని. గుట్ట మాది, ఒక రాయి కూడా తీయనియ్యము అని చదివినారు. నా చెవుల్తో విన్నాను. ఎవుడో పాపాత్ముడు కాగితం మార్చేసినాడు. మీరొచ్చి ఆ మాట చెప్తే చాలు సారూ. మీ మాట కాదనేవాడు యాడుండాడు?"

కాగితం ఎవరూ మార్చలేదు.

నిరుడు జరిగింది ఇది. ఆ గుట్ట మీద క్వారీ వద్దని పల్లె అడిగింది. బర్గూరు వైపు క్వారీల్లో మా యూనియను ఉంది. ఒకచోట క్వారీ వద్దంటే ఇంకోచోట కూలీల పని గురించి ఏం మాట్లాడతామని కమిటీలో గంటన్నర చర్చ నడిచింది. క్వారీకి అభ్యంతరం లేదనీ, అయితే ఊరివాళ్లకు పని, నష్టపరిహారం ఇవ్వాలనీ అడుగుదామని తీర్మానించారు. నేను వద్దన్నాను. ఓడిపోయాను. మా పార్టీలో ఓడిన మాటను బయటికి తీసుకుపోకూడదు. తీర్మానం ప్రకారమే అర్జీ రాశాను. బడి వరండాలో ఆ జనం ముందు నిలబడ్డాక మాత్రం, 'అభ్యంతరం లేదు' అన్న మాట నోటికి రాలేదు. వాళ్లు వినాలనుకున్నదే చదివాను. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టి, నేను చదవని కాగితం మీద వేలిముద్రలు వేశారు.

కార్యదర్శి ఒకప్పుడు నా దగ్గరే చదువుకున్నాడు. కమిటీ గదిలో ఆ రోజు అతనూ ఉన్నాడు కనక, అర్జీలో ఏముందో అతనికి తెలుసు. ఊరికి మాత్రం రాలేదు. పెద్దావిడ మాట వినగానే అతని ముఖంలో వెలుగొచ్చింది.

"అవునమ్మా, మార్చే ఉంటారు. కాంట్రాక్టరు ఎంతకైనా తెగిస్తాడు. సారు రేపు వస్తారు, చెప్తారు. మీరు నిశ్చింతగా పోండి."

కోడలు ఆంధ్రా నుంచి వచ్చిన పిల్ల. కాగితం కేసి, నా కేసి మార్చి మార్చి చూసింది. "పేజీ ఒకటే కదండీ. సారు సంతకం కూడా దీని మీదే ఉంది. మార్చితే ఎట్లా మార్చుంటారు?" అంది.

"నువ్వూరుకో. సారు దగ్గర ఎదురు మాట్లాడేది యాడ నేర్చుకున్నావు?" అని పెద్దావిడ గదిమింది.

రేపు వస్తానని చెప్పాను. అంతకుమించి ఏమీ చెప్పలేదు. వాళ్లు వెళ్లాక వంటింట్లోకి వెళితే, నా భార్య మామిడిపళ్లు కడుగుతోంది. నిరుడు ఆ అర్జీ టైపు చేసింది ఆమే.

"ఏం చెప్పబోతున్నారు రేపు?"

"ఆలోచించాలి."

"ఆలోచించడానికేముంది? కాగితం మార్చినారని చెప్తే మీ పరువు నిలబడతాది, ఆయమ్మ గుట్టా నిలబడొచ్చు. ముప్పై రెండేళ్లు పరీక్ష హాల్లో కాపీ కొట్టిన పిల్లకాయల్ని బయటికి పంపించినారే, వాళ్లలో ఎవురన్నా ఈ పొద్దు కనబడితే ఏం చెప్తారు?"

"ఎగతాళి చేస్తున్నావా?"

"లేదు. అడుగుతాండాను. పండు కోసేదా?"

వద్దన్నాను.

మధ్యాహ్నం నిరుటి డైరీ తీశాను. ఆ తేదీ కింద నా చేతిరాత: 'హాజరు: ఊరివాళ్లు అరవై మందికి పైగా. కాగితంలో లేనిది చదివాను. వచ్చే సోమవారం లోపల మార్చి మళ్లీ సంతకాలు తీసుకోవాలి.' ఆ తర్వాతి సోమవారం పేజీలో కంటి డాక్టరు, టెలిఫోను బిల్లు, ఒక పెళ్లి ఉన్నాయి. అర్జీ సంగతి లేదు. ఆ పై వారాల్లోనూ వెతికాను. అంత పెద్ద తప్పును ఒక వాక్యంలో రాసి, రాశాను కదా అన్న తృప్తితో మరిచిపోయాను. డైరీ రాసేవాళ్లకు ఈ జబ్బు ఉంటుందని అప్పుడే తెలిసింది.

సాయంత్రం కార్యదర్శి ఫోను చేశాడు.

"సార్, రేపటి సంగతి. క్లుప్తంగా చెప్పండి చాలు. నేను చదివింది ఇది కాదు అనండి. అది నిజమే కదా?"

"నిజమే. కానీ రాసింది ఇదే."

"అది వాళ్లు అడగరు సార్. మీరు నిజం చెప్తే గుట్ట దక్కుతుందా? దక్కదు. పార్టీ పేరు పోతుంది, అంతే." ఫోను పెట్టేసే ముందు అన్నాడు: "సార్, డైరీ మాత్రం ఇంట్లోనే పెట్టి రండి."

నా దగ్గర చదువుకున్న వాళ్లలో నా అలవాట్లు అందరికంటే బాగా తెలిసినవాడు అతనే.

మర్నాడు ఆరు గంటల బస్సుకు కృష్ణగిరి బయలుదేరాను. డైరీ చేతిసంచీలో ఉంది. కలెక్టరాఫీసు వరండాలో పల్లెవాళ్లు పదిహేను మంది దాకా, వాళ్లలో పెద్దావిడా ఆమె కోడలూ, నేల మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేవబోయారు. కూర్చోమన్నాను. నేనూ వాళ్ల ఎదురుగా కూర్చుని, పెద్దావిడ దగ్గర జెరాక్సు అడిగి తీసుకుని, అందులో ఉన్నదాన్ని వరసగా తెలుగులో చదివాను. 'ఈ క్వారీకి మాకు అభ్యంతరం లేదు' దగ్గర నా గొంతు చిన్నదైతే, వెనకనుంచి ఎవరో గట్టిగా చదవమన్నారు. మళ్లీ చదివాను. కాగితం ఎవరూ మార్చలేదనీ, రాసింది నేనేననీ, ఆ రోజు ఇది కాకుండా వేరే చదివాననీ చెప్పాను.

పెద్దావిడ నా చేతిలోంచి జెరాక్సు తీసుకుని మడిచింది. తర్వాత, "ఆ పొద్దే ఇట్ల చదివింటే మేము వేలు పెట్టి ఉండము కదప్పా" అంది.

ఎన్నో ఏళ్లుగా నన్ను సారూ అని తప్ప ఇంకోలా పిలవని మనిషి.

లోపల అధికారికి కూడా అదే చెప్పాను. డైరీ పేజీ చూపించాను. అతను నా మాట రాసుకున్నాడు. వేలిముద్రలు మాత్రం వాళ్లవే కదా అన్నాడు. ఆ పాత అర్జీ విలువ ఎంతో తను తేల్చలేననీ, ఊరివాళ్లు ఇవాళే తమ మాటగా వేరే కాగితం ఇస్తే ఫైలులో పెడతాననీ తమిళంలో చెప్పాడు. బయటికి వచ్చేసరికి కార్యదర్శి గేటు దగ్గర మోటారుసైకిలు మీద ఉన్నాడు. నన్ను చూసి లోపలికి రాకుండానే వెళ్లిపోయాడు.

అలవాటు కొద్దీ జేబులోంచి కలం తీశాను.

"మీరు కూచోండప్పా" అంది పెద్దావిడ. "కోడలు రాస్తాది."

"తెలుగులో రాస్తే ఇక్కడ తీసుకుంటారా అత్తమ్మా?"

"తీసుకోకుంటే అప్పుడు అడుగుదాము. నువ్వు రాయి."

కోడలు ఒళ్లో అట్ట పెట్టుకుని రాసింది. నాలుగు వాక్యాలు. పెద్దావిడ చదవమంది. చదివింది. ఇంకోసారి చదవమంది. రెండోసారి చదువుతున్నంతసేపూ ఆ పిల్ల వేలు ఏ అక్షరం మీద ఉందో వంగి చూసి, అయ్యాకే పెద్దావిడ బొటనవేలు సిరాపెట్టెలో అద్దింది.