లావెక్కిన రాణి

గుడివాడ రామలక్ష్మి నాటకంలో పద్యం ఎత్తుకుంటే కృత్తివెన్ను నుంచి దివిసీమ దాకా జనం బళ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో ఆమెకి తొలి కానుపు అయింది. ఆడపిల్ల. ఆ తర్వాత మనిషి బాగా ఒళ్లు చేసింది. రాణి వేషానికి కుట్టించిన రవికల్లోకి చేతులు కూడా దూరలేదు.

నాటకాల కాంట్రాక్టరు గోవర్ధనరావు అప్పటికే బందరులో నాటకం ఒప్పుకుని, గోడల నిండా ఆమె పేరు వేయించాడు. వచ్చి ఆమెని చూసి మొహం ముడుచుకున్నాడు. మద్రాసు నుంచి మాత్రల సీసా తెప్పించి ఇచ్చాడు. సినిమా వాళ్లంతా ఇవే వాడతారని, ఆకలి చచ్చి ఒళ్లు కరిగిపోతుందని చెప్పాడు. పాలిచ్చే తల్లి మింగొచ్చా అని ఆమె అడిగితే, మింగేది నువ్వు గాని పిల్ల కాదు కదా అని నవ్వేశాడు.

మాత్రలు పనిచేశాయి. ఆమెకి అన్నం వాసనే గిట్టలేదు, ఒకచోట కాలు నిలిచేది కాదు. కొన్నాళ్లకే రవిక పట్టింది. రామలక్ష్మి తెగ సంబరపడింది. పిల్ల మాత్రం పాలు తాగీ తాగకుండా వదిలేసేది, కునుకు పట్టక గింజుకునేది, ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయేది. చుట్టుపక్కల వాళ్లు దిష్టన్నారు. ఎర్రనీళ్లు తిప్పి పోశారు.

ఒక పొద్దున పిల్లని ఎదకి హత్తుకుంటే, ఆ చిన్న గుండె దడదడలాడటం తెలిసింది. మాత్రలు మొదలెట్టినప్పటి నుంచీ తన గుండె కూడా అలాగే కొట్టుకుంటోంది. ఆ సంగతి తట్టగానే పిల్లని చంకనేసుకుంది. హార్మోనియం వాయించే భర్త వెంకటాద్రిని వెంటబెట్టుకుని బందరు బస్సెక్కింది.

డాక్టరు దయామణి గారు పిల్లని పరీక్ష చేసి, సీసా అటూ ఇటూ తిప్పి చూశారు.

"నువ్వు మింగింది పాలల్లోకి దిగుతుందమ్మా. పెద్దదానివి, నీకే దడ పుట్టిస్తోంది. దీని గుండె ఎంత?" అన్నారు.

మాత్రలు మానిపించారు. తల్లీబిడ్డల్ని ఆసుపత్రిలోనే ఉంచుకుని, మందు ఒంట్లోంచి పోయేదాకా పిల్లకి డబ్బాపాలు పట్టించి, ఆమె పాలు పిండి పారబోయించారు. ఆ తర్వాత కడుపునిండా తిని పాలివ్వమన్నారు, ఒళ్లు నిదానంగా అదే తగ్గుతుందన్నారు. మళ్లీ రొమ్ము పట్టిన రోజున పిల్ల ఆవురావురుమని తాగి, నోరు తెరుచుకుని నిద్రపోయింది. రామలక్ష్మి కదిలితే లేస్తుందేమోనని చెయ్యి తిమ్మిరెక్కినా అలాగే కూర్చుంది.

గోవర్ధనరావుకి సీసా తిరిగిచ్చేసింది.

"నేనిలాగే వస్తానండీ. వద్దనుకుంటే వేషం ఇంకొకరికి ఇచ్చుకోండి."

గోడల మీద ఆమె పేరుంది. ఆయన గొణుక్కుంటూ కొత్త రవికలు కుట్టించాడు.

బందరులో తెర లేవగానే ముందు వరసలో కొందరు కిసుక్కుమన్నారు. రామలక్ష్మి వాళ్ల వంకే చూస్తూ పద్యం ఎత్తుకుంది. తిండి తిన్న గొంతు, కంటినిండా నిద్రపోయిన గొంతు. రాగం పైకి తీసుకెళ్లి అక్కడే నిలబెట్టేసరికి నవ్విన వాళ్లే లేచి నిలబడి వన్స్‌మోర్ అని కేకలేశారు. మళ్లీ పాడింది, మళ్లీ అడిగారు. అంకం మధ్యలో పిల్ల ఏడిస్తే, కిరీటం తియ్యకుండానే తెర వెనక కూర్చుని పాలిచ్చింది. అందాకా జనం ఈలల్లేకుండా కాచుకున్నారు. మర్నాడే బంటుమిల్లి వాళ్లు వచ్చి ఆ లావుపాటి రాణమ్మే కావాలని గోవర్ధనరావు దగ్గర మాట తీసుకుని వెళ్లారు.