నిప్పు గీత పక్కన పైడికంటి

మెదక్ బజారులో నాలాంటి బేరం చేసినవాడు ఇంకొకడు లేడని గర్వంగా చెప్పగలను. పటాలం నుంచి రిటైరై వచ్చిన నాకు బ్యాంకు గేటు దగ్గర కుర్చీ, చల్లటి ఏసీ గాలి ఇస్తామన్నారు. వద్దన్నాను. ఎండాకాలమంతా అడవిలో నిప్పు కాపలాకు ఒప్పుకున్నాను. చెట్టు నీడ, అడిగేవాడు లేడు, మధ్యాహ్నం కునుకు. కిరాణా కొట్టులో పెరిగినవాడి లెక్క అది.

మార్చి మొదట్లో జీపు రామాయంపేట రోడ్డు పక్క అడవిలో దింపింది. టేకు ఆకంతా రాలిపోయింది. నీడ లేదు. ఇచ్చిన సామాను: ఆకు ఊడ్చే ఇనుప దంతె, గొడ్డలి, నీళ్ల డబ్బా, వైర్‌లెస్ సెట్టు. డ్యూటీ ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు. మాకు పై అధికారి సుబేదార్ సాబ్, ఆయనా మాజీ సైనికుడే. గుట్ట మీద కాపలా కుల్చారం మనిషిది, ఒకప్పటి సిగ్నల్స్ జవాను. నన్ను సేటు అనేవాడు.

"సేటూ, నీ దిక్కు గాలెట్లుంది? ఓవర్."

"పొయ్యిల కూసున్నట్టుంది. ఓవర్."

"ఏసీ యాదికొస్తున్నదా? ఓవర్."

మా పని నిప్పు గీత. అడవి మధ్య వెడల్పుగా ఆకు ఊడ్చి నేల బోడి చేస్తే మంట అక్కడ ఆగుతుంది. గీత పక్కన ఎండిన చెట్టు ఉండకూడదు. అంటుకుంటే రవ్వలు గీత దాటుతాయి. ఏప్రిల్‌లో నా గీత ఎండిన మద్ది మాను దగ్గరికి చేరింది. కొట్టేయమని ఆర్డరు.

గొడ్డలి ఎత్తేసరికి తొర్రలో ఒక మొహం. గుండ్రటి తల, సన్నటి అడ్డచారలు, పసుపుపచ్చ కళ్లు. అడవి పైడికంటి. గుడ్లగూబల్లో చిన్నది. తొర్ర తను తొలుచుకోదు. వడ్రంగి పిట్ట ఖాళీ చేసిన ఇంట్లో కిరాయి లేకుండా దిగుతుంది. గుడ్లగూబకు రాత్రే పని అనుకునేవాణ్ణి. ఇది పట్టపగలే మిడతలనూ తొండలనూ పట్టుకొచ్చింది. చిన్న పిట్టలన్నీ మూగి తిడుతుంటే, ధర చెప్పేసి ఇక తగ్గని దుకాణదారులా కదలకుండా కూర్చుంది. లోపల పిల్లల అరుపులు. నాలుగు గొంతులనిపించింది.

గొడ్డలి దించాను. మర్నాడు రోల్ కాల్‌లో అందరికంటే ముందు నోరు తెరిచాను. సుబేదార్ సాబ్‌ది శంకరంపేటలో బట్టల దుకాణం నడిపే కుటుంబం. మా దుకాణాల్లో బోణీ బేరాన్ని, రోజు మొదటి గిరాకీని, వట్టి చేతులతో పంపరు. అది తెలిసే వెళ్లాను.

"సాబ్, ఇయ్యాల్టి బోణీ నేనే. పిల్లలు ఎగిరేదాక ఆ మానును ఉండనియ్యుండ్రి."

"అగ్గి అంటుకుంటే?"

"మాను సుట్టు పది గజాలు బోడి చేస్త."

"ఇరవై. జమానతు ఎవరు, పూచీ పడేదెవరు?"

"నేనే సాబ్."

"నువ్వు బేరగానివి. ఇంకొకన్ని చూపియ్యి."

కుల్చారం మనిషి చేయెత్తాడు. "సేటు మొఖం జూసి కాదు సాబ్. పిట్ట పిల్లలను జూసి."

సుబేదార్ సాబ్ మొహం చిట్లించారు. "బోణీ టైంల దొరకవట్టినవ్. పోండ్రి, ఊడ్వుండ్రి."

ఇద్దరం ఎండలో ఊడ్చాం. దంతె పిడి అరచేతుల తోలు తీసింది. వారం తిరగకముందే ఒక మధ్యాహ్నం సెట్టు అరిచింది.

"సేటూ, పడమర పొగ. నీ దిక్కే. ఓవర్."

"ఎంత దూరం? ఓవర్."

"అడుగుడు గాదు, ఉరుకు. నేనూ వస్తున్న. ఓవర్."

మోకాలెత్తు మంట, వెనక గాలి. సుబేదార్ సాబ్ కూడా ఉరికొచ్చారు. పచ్చి కొమ్మలతో ముగ్గురం కొట్టాం. బోడి నేల అంచున మంట ఆగింది. ఒక రవ్వ మాత్రం ఎగిరొచ్చి మాను బెరడు మీద కూర్చుంది. పొగ లేచింది. సుబేదార్ సాబ్ తను తాగే నీళ్ల డబ్బా దాని మీద కుమ్మరించారు.

"గిది బోణీల రాదు," అన్నారు దగ్గుతూ. "గిది ఉత్తగనే."

మే నెలాఖరున జీపు మళ్లీ మెదక్‌లో దింపింది. ఇప్పుడు మా అన్న కొట్టులో కూర్చుంటున్నాను. పొద్దున షట్టర్ ఎత్తినప్పుడల్లా మంట ఆరిన ఆ మధ్యాహ్నమే కళ్ల ముందు కనిపిస్తుంది: పొగ ఇంకా పలచబడలేదు, కాలిన నల్లటి నేల మీదుగా తల్లి తిన్నగా ఎగిరొస్తోంది, ముక్కున తొండ, తొర్రలోంచి తెరుచుకున్న చిన్న నోరు.

ఇక బిల్లు. పోయినవి: నా బూట్ల అడుగులు, ముగ్గురి కనుబొమలు. వచ్చినవి: తొర్ర వదిలి కొమ్మ మీద ఒకదానికొకటి ఒరిగి కూర్చున్న మూడు పిల్లలు. నాలుగో గొంతు నిజంగా ఉందో, నేనే ఎక్కువ విన్నానో తెలియదు. ఉందనే అనుకుని దాన్ని పోయినవాటిలో వేశాను. వేసి చూసినా, ఈ బేరం మళ్లీ చేస్తాను.