సర్కారు తుమ్మలో సొంతిల్లు

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇశ్రాయేలు ఆడిన అబద్ధం ఎంత బాగా అతికిందంటే, ఇక ఊడి రాలేదు.

బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మేడమీద, జిల్లాలో అడవి ఎక్కడెక్కడ తరిగిపోతోందో తేల్చే మ్యాపుల ఆఫీసులో అతను ఫీల్డు మనిషి. ఉపగ్రహం తీసిన బొమ్మలో పచ్చదనమంతా ఎర్రగా కనబడుతుంది. ఆ ఎరుపు అడవో, మామిడితోటో జీపులో వెళ్లి చూసి రావడం అతని పని. 2003 ఎండాకాలంలో మైలవరం వైపు వెళ్లినవాడు, పనిలో పనిగా జీపును తన సొంత స్థలానికి తిప్పాడు. భార్య సంపూర్ణమ్మ గాజులమ్మి కొనిపించిన స్థలం అది. అద్దెకొంపలతో విసిగిపోయిన ఆవిడకు సొంతిల్లు తప్ప ఈ లోకంలో వేరే కోరిక లేదు.

అప్పుడే ఆఫీసు పెద్ద సంజీవరావుగారు ఫోను చేశారు.

“ఎక్కడున్నావయ్యా?”

“ఎర్రచుక్క దగ్గరేనండీ, చెక్ చేస్తన్నాను.”

“ఏం చెట్లున్నాయి?”

ఆలనాపాలనా లేని స్థలంలో ఏముంటాయి? “సర్కారు తుమ్మండీ. బాగా ఒత్తుగా ఉంది.”

పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాని ఆ ముళ్లచెట్టుకు అంత గొప్ప పేరు ఎవరు పెట్టారో గానీ, భోపాల్లో పెరిగిన సంజీవరావుగారికి ‘సర్కారు’ ఒక్కటే వినబడింది.

“సర్కారుదా? అయితే రిజర్వు ఫారెస్టే! రాసుకో.”

ఇశ్రాయేలు తానున్న చోటునే అడవిగా రాసుకున్నాడు. కాదంటే, ఆఫీసు జీపు అక్కడికెందుకు వెళ్లిందని అడుగుతారు మరి.

ఏ అడవిని ముందు కాపాడాలో తేల్చడానికి మీటింగు పెట్టారు. పద్ధతి మహా గట్టిది. ముప్పుల్ని రెండేసి చొప్పున పక్కపక్కన పెట్టి, ఏది పెద్దదో అందరూ మార్కులు వెయ్యాలి. రోడ్డు దగ్గరుండటమా, ఏటవాలుగా ఉండటమా? రోడ్డుకు దండిగా పడ్డాయి. ఊరిని ఆనుకుని ఉండటానికి ఇంకా దండిగా పడ్డాయి. అవన్నీ కంప్యూటరులో పోస్తే, కొండమీది అసలు అడవి అట్టడుగుకు పోయి, ఇశ్రాయేలు స్థలం జిల్లాలోకెల్లా ఆపదలో ఉన్న అడవిగా తేలింది. అతను నోరు విప్పబోయాడు. ఉద్యోగం గుర్తొచ్చి టీ తాగాడు.

నెల తిరక్కుండా కంచె పడింది. సంపూర్ణమ్మ దస్తావేజులు పట్టుకుని కనబడ్డ ఆఫీసరుకల్లా చూపించింది.

“స్థలం మీదేనమ్మా, కాదన్లేదు. అడవి మాత్రం మాది,” అన్నాడొకాయన మర్యాదగా.

ఆ అడవికి కాపలా మనిషి కావాల్సి వచ్చింది. దాన్ని ఇశ్రాయేలు కంటే ఎరిగినవాడెవడని సంజీవరావుగారే సిఫార్సు చేశారు. లోపలే ఒక గది, వంటిల్లు, కుళాయి కట్టించి ఇచ్చారు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. తన స్థలంలో తానే కాపలావాడి పెళ్లాంగా అడుగుపెట్టిన సంపూర్ణమ్మ, ఆమెన్ అన్నాక వెక్కివెక్కి ఏడ్చింది.

మర్నాడు ఆవిడ వంటింటి పక్కన చిన్న గుంట తవ్వుతుంటే ఇశ్రాయేలు పరుగెత్తుకొచ్చాడు.

“ఏం చేస్తన్నావే?”

“కరేపాకు మొక్కండీ. కూరలోకి.”

“వద్దే. అడవిలో వేరే మొక్కలు నాటకూడదు. రూలు.”

సంపూర్ణమ్మ మొక్క చేత్తో పట్టుకుని నిలబడింది. “ఈ మాట నా మొగుడంటన్నాడా, కాపలావోడంటన్నాడా?”

ఇశ్రాయేలుకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆ సిగ్గుతోనే, కాలితో మట్టి తోసి గుంట పూడ్చేశాడు.