కంఠస్థం చేసిన కంటి పరీక్ష

నా మాటల్లో రూపాయికి పన్నెండణాలు కల్పన అని మా బడిలో ఆరో తరగతి పిల్లలకు కూడా తెలుసు. కృష్ణలో ఒక మొసలి నా సైకిలు పంపు మింగి, తనను తానే ఊదుకుని, బ్యారేజీ గేట్లకు అడ్డం పడి నీళ్లు ఆపేసిందని చెప్పింది నేనే. కొండపల్లి కొండ వెనక్కి నడుస్తూ ఎక్కానని చెప్పాను. మా ఊరు కూచిపూడికి కూతవేటు దూరం కాబట్టి మా గేదెలు కూడా తాళం తప్పకుండా నడుస్తాయని చెప్పాను. నమ్మినవాళ్లు లేరు, వినకుండా లేచిపోయినవాళ్లూ లేరు. ఈ సంగతికి మాత్రం ఒక్క అబద్ధం అతికించబుద్ధి కావటం లేదు. ఎక్కడ అతికించినా ఊడిపోతోంది.

డెబ్బైల్లో మాట. భవానీపురంలో ఒక ఎయిడెడ్ హైస్కూల్లో నేను డ్రిల్లు మాస్టర్ని. ఒకరోజు మా డ్రాయింగు మాస్టారు బోర్డు మీద మామిడిపండు సగం గీసి, ఆయాసంగా ఉందని కుర్చీలో కూర్చుని, మళ్లీ లేవలేదు. గుండె. పిల్లలు ఆయన నిద్రపోతున్నారనుకుని, లేపితే కొడతారని, బెల్లు కొట్టేదాకా చప్పుడు చేయకుండా కూర్చున్నారు.

మా కరస్పాండెంటు గారు చర్చి పెద్ద, మెత్తటి మనిషి. సమాధుల తోట నుంచి తిరిగొస్తుంటే నా పక్కకొచ్చి నడిచారు.

“పిల్లల చేత ఎక్సర్‌సైజులు చేయిస్తారు గదా మాస్టారూ, పెద్దవాళ్ల చేత ఎందుకు చేయించరండీ?”

“పిల్లలైతే బెత్తానికి లొంగుతారండీ. వీళ్లందరి దగ్గరా బెత్తాలున్నాయి.”

ఆయన నవ్వలేదు. “ఇంకొకర్ని మోసుకొచ్చే ఓపిక నాకు లేదండీ. మీరు మొదలుపెట్టండి,” అన్నారు.

అలా మొదలైంది మా సిబ్బంది ఆరోగ్య కార్యక్రమం. పిల్లలు దానికి ‘సార్ల డ్రిల్లు’ అని పేరు పెట్టారు. పొద్దున్నే ప్రార్థన బెల్లుకు ముందు మాస్టార్లు, టీచరమ్మలు, గుమాస్తా, అటెండరు, ఆయా అందరూ గ్రౌండులో నిలబడాలి. చేతులు, నడుము, మెడ. ఆ తర్వాత టెన్నికాయిట్ రబ్బరు రింగు విసురుకుంటూ కాసేపు ఆట. చివర తలా గ్లాసు నిమ్మకాయ నీళ్లు. అప్పుడప్పుడు డాక్టరు గారొచ్చి అందర్నీ పరీక్ష చేస్తారు. పిల్లలు గోడెక్కి కూర్చుని మాకు లెక్కపెట్టేవాళ్లు.

మొదటి వారం మా తెలుగు పంతులుగారు నడుం వంచమంటే మెడ వంచారు.

“ఏవండోయ్, ఈ వంపులు ఏ శాస్త్రంలోవండీ?”

“మా గేదెల శాస్త్రంలోవండీ. వంగండి, చెబుతాను.”

కథ చెబితే గాని వంగేవాళ్లు కాదు. మొసలి పంపు మింగగానే ఆపేసి, మిగతాది రేపు అనేవాణ్ణి. మర్నాడు అందరూ వచ్చేవాళ్లు. చలికాలం వచ్చేసరికి గుమాస్తా గారు బెల్టుకు లోపలివైపు ఇంకో చిల్లు పొడిపించుకున్నారు. అక్కడితో ఆపేస్తే ఇదీ నా మామూలు కథల్లో ఒకటయ్యేది.

మొదటి వరసలో ఎప్పుడూ లెక్కల మాస్టారు నిలబడేవారు. సన్నటి మనిషి. మోచేతుల దాకా సుద్దపొడి. పుస్తకం తెరవకుండా పాఠం చెబుతారని ఊళ్లో పేరు. ఒకరోజు పక్కనుంచి వచ్చిన రింగు ఆయన చెవికి తగిలింది. చెయ్యి ఎత్తనే లేదు. ఇంకోరోజు నేరుగా నడిచెళ్లి వాలీబాల్ స్తంభాన్ని గుద్దుకున్నారు.

“ఈ స్తంభం నిన్న ఇక్కడ లేదు గదా మాస్టారూ?”

“రాత్రి నడిచొచ్చిందండీ. మొసలి తరిమింది.”

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. నవ్వుతూనే స్తంభాన్ని పైనుంచి కిందికి తడిమి చూసుకున్నారు, ఎక్కడుందో గుర్తుపెట్టుకుంటున్నట్టు. అది చూశాక నాకు నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం కృష్ణ ఒడ్డున ఆయనతో కలిసి ఇంటికి నడిచాను. దీపాలు వెలిగే వేళ.

“మీకు దీపాల చుట్టూ రంగుల చక్రాలు కనిపిస్తాయాండీ?” అని ఆయనే అడిగారు. “నాకు కనిపిస్తాయి. బాగానే ఉంటాయి గాని, తర్వాత తల పగిలిపోతుంది. పొద్దున లేస్తే అంతా మంచు పట్టినట్టుంటుంది.”

“వచ్చేవారం డాక్టరు గారొస్తున్నారు గదా, చెప్పండి.”

“చెబితే?”

“చెబితే చూస్తారు.”

“చూసి రాస్తారు. ఏమని రాస్తారు? పనికిరాడని.” గట్టు అంచు ఎక్కడుందో చెప్పుతో తడిమి చూసుకుని నడిచారు. “మా నాన్నగారూ బడిపంతులేనండీ, దివిసీమ వైపు. చూపు మందగించింది. ఒకరోజు అధికారి వచ్చి పుస్తకం చేతికిచ్చి చదవమన్నాడు. అంతే, ఉద్యోగం పోయింది. తర్వాత అరుగు మీద కూర్చుని, బడికెళ్లే పిల్లల్ని అడుగుల చప్పుడు బట్టి పేరు పెట్టి పిలిచేవాడు. వాళ్లు పలక్కుండా పారిపోయేవాళ్లు. అందులో నేనూ ఒకణ్ణి.”

మర్నాడు నేను కరస్పాండెంటు గారింటికి వెళ్లాను. ఎవరిదని చెప్పకుండా, మన సిబ్బందిలో ఎవరికైనా పెద్ద జబ్బు బయటపడితే ఏం చేస్తారండీ అని అడిగాను.

“ఏం చేస్తాం? వైద్యం చేయిస్తాం.”

“ఉద్యోగం?”

ఆయనకు కోపం వచ్చింది. “జబ్బు చేసినవాణ్ణి వీధిలోకి గెంటి, ఆదివారం ఏ మొహంతో చర్చిలో నిలబడతానండీ? ఎవరైనా సరే, ఉద్యోగానికి నాది పూచీ అని చెప్పండి.”

నేను పరుగెత్తుకుంటూ వెళ్లి లెక్కల మాస్టారికి ఆ మాటలు ఉన్నదున్నట్టు, ఒక్క అక్షరం కలపకుండా చెప్పాను. ఆయన తల వంచుకుని అంతా విన్నారు.

“ఈ మాట చెప్పింది కరస్పాండెంటు గారా, మీ మొసలా?” అన్నారు.

“మా అమ్మ మీద ఒట్టండీ.”

“పోయినవారం బ్యారేజీ మాటకీ ఆవిడ మీదే వేశారు గదండీ ఒట్టు,” అని భుజం తట్టి తరగతికి వెళ్లిపోయారు.

డాక్టరు గారు రావటానికి ముందే కాంపౌండరు బరువు తూచే మిషను, కళ్లు చూసే అక్షరాల అట్ట తెచ్చి మా స్టాఫ్‌రూములో పెట్టి వెళ్లాడు. పైన పెద్ద ఇంగ్లీషు అక్షరం, కిందికి వెళ్లేకొద్దీ చిన్నవి. అదే కొంప ముంచింది.

బడిపంతుళ్లకు పరీక్ష అంటే ఇన్‌స్పెక్షను ఒక్కటే. అధికారి వస్తున్నాడంటే గోడలకు సున్నం పడుతుంది. మొద్దు పిల్లలకు ఆరోజు సెలవు. ప్రశ్న అడిగితే అందరూ చెయ్యెత్తాలి, తెలిసినవాడు కుడిచెయ్యి, తెలియనివాడు ఎడమచెయ్యి. కుడిచేతుల్నే లేపుతారు మాస్టారు. ఏళ్ల తరబడి ఇదే మా విద్య. ఇప్పుడు డాక్టరు గారొస్తున్నారంటే అందరూ ఆయనకు కూడా కుడిచెయ్యే చూపించటానికి సిద్ధమయ్యారు.

హిందీ మాస్టారు బక్కగా ఉంటారు. కిరాణా కొట్టు నుంచి తూకపురాళ్లు తెచ్చి లాల్చీ జేబుల్లో వేసుకున్నారు. సోషలు మాస్టారు బీపీ కనపడకూడదని ఆవకాయ మానేసి, ఆ కోపంతో పిల్లల్ని రెండింతలు బాదారు. అటెండరు ముందురోజే ఒళ్లంతా నూనె పట్టించి నలుగు పెట్టుకున్నాడు. ఇక అక్షరాల అట్ట సంగతి తెలుగు పంతులుగారు చూసుకున్నారు.

“వరస గుర్తుండటం కష్టమండీ. ఛందస్సులో పెడితే నోట్లో నిలబడుతుంది,” అని ఆ ఇంగ్లీషు అక్షరాలన్నిటినీ ఒక పద్యంగా కట్టేశారు. గణం కుదరని చోట ‘కె’ అని ఒక అక్షరం చేర్చారు. అట్ట మీద కె లేదు. “పాదపూరణకండీ, ఎవరు పట్టించుకుంటారు?” అన్నారు. రెండు రోజులు స్టాఫ్‌రూమంతా ఆ పద్యమే. కళ్లు బ్రహ్మాండంగా ఉన్నవాళ్లు కూడా వల్లించారు. ఆయా కూడా వల్లించింది. ఆమెకు ఇంగ్లీషు అక్షరం ఒక్కటీ రాదు.

నేను అట్టను గోడవైపు తిప్పి పెట్టాను. అప్పటికే అందరికీ నోటికొచ్చేసింది.

డాక్టరు గారు వచ్చిన రోజు గుమ్మంలోనే పట్టుకున్నాను.

“ఇంకో అట్ట ఉందాండీ?”

“ఎందుకు?”

“దీన్ని మా వాళ్లు కంఠతా పట్టేశారండీ. పద్యం కూడా కట్టారు.”

ఆయన నన్ను ఎగాదిగా చూసి నవ్వారు. “మొసలి మాస్టారు మీరేనా? హెడ్‌మాస్టరు గారు చెప్పారు లెండి.”

“పోనీ, ఆ లెక్కల మాస్టారి కళ్లు మాత్రం కాస్త జాగ్రత్తగా చూడండి.”

“అందరివీ జాగ్రత్తగానే చూస్తానండీ.”

లెక్కల మాస్టారి వంతు వచ్చింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, పెళ్లిచూపులకు వచ్చినట్టు వచ్చారు. ఒక కన్ను మూసుకోమంటే మూసుకున్నారు. పైనుంచి కిందికి, తడుముకోకుండా, ఒక్క ఊపిరిలో చదివేశారు. యతి దగ్గర ఆగారు. పంతులుగారు చేర్చిన ‘కె’ కూడా చదివారు. రెండో కన్నుతో మళ్లీ చదివారు. మళ్లీ కె.

డాక్టరు గారు తల వంచుకుని రాసుకుంటున్నారు.

“డాక్టరు గారూ,” అన్నాను, “అట్ట మీద కె లేదండీ.”

ఆయన తలెత్తి అట్ట వైపు కాదు, నా వైపు చూశారు. “మీ కళ్లు కూడా ఓసారి చూపించుకోండి మాస్టారూ. ఆయనవి నావాటికంటే మేలుగా ఉన్నాయి.”

గదిలో అందరూ గొల్లున నవ్వారు. లెక్కల మాస్టారు నా గొంతు వచ్చిన వైపు మొహం తిప్పారు. ఆ చూపు సరిగ్గా నా మీద పడలేదు. నా పక్కన కిటికీ మీద పడింది.

ఆ ఏడు వార్షికోత్సవంలో మా సిబ్బంది అంతా సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నారని కరస్పాండెంటు గారు చదివారు. చప్పట్లు కొట్టారు. నన్ను వేదిక మీదికి పిలిచి దండ వేశారు.

వేసవి సెలవులు అయ్యాయి. బళ్లు తెరిచాక ఒకరోజు హెడ్‌మాస్టరు గారు కబురు పెట్టి నన్ను పదో తరగతి గుమ్మం దగ్గరికి తీసుకెళ్లారు. లోపల లెక్కల మాస్టారు ఒక సిద్ధాంతం చెబుతూ బోర్డు మీద రాస్తున్నారు. మొదటి సిద్ధాంతం తుడవలేదు. దాని మీదే రెండోది రాస్తున్నారు. తెల్లటి వలలాగా ఉంది బోర్డు. చెబుతున్న పాఠంలో మాత్రం తప్పు లేదు. పిల్లలు బోర్డు చూడటం మానేసి, ఆయన నోటి నుంచి వచ్చింది వచ్చినట్టు రాసుకుంటున్నారు. ఎన్నాళ్లుగానో అలాగే రాసుకుంటున్నారట. ఒక్కరూ బయటికి చెప్పలేదు. ఇన్‌స్పెక్షనులో మేం నేర్పిన విద్యే మరి.

ఊళ్లో పెద్ద కంటి డాక్టరు దగ్గరికి రిక్షాలో నేను, ఆయన, ఆయన భార్య వెళ్లాం. ఆ డాక్టరు దీపం వేసి చాలాసేపు చూసి, దీపం ఆర్పేశారు.

“కంట్లో ఒత్తిడండీ. నీటికాసులంటారు. ఇంతకాలం ఏం చేశారు?”

“స్కూల్లో పరీక్ష చేశారు గదండీ,” అంది ఆయన భార్య. “కళ్లు చాలా బాగున్నాయన్నారు.” ఆవిడ నావైపు తిరిగింది. “అన్నయ్యగారూ, మీరే గదా చేయించింది?”

“ఆయన్నేమీ అనకు,” అన్నారు లెక్కల మాస్టారు. “పాసైంది నేను.”

అప్పుడే వచ్చుంటే చుక్కల మందుతోనో, చిన్న ఆపరేషనుతోనో ఆగేదట. ఎండిపోయిన నరం మళ్లీ చిగురించదట. మిగిలిన చూపు కోసం చుక్కలు రాసిచ్చారు. అది దసరా దాకా కూడా మిగల్లేదు.

కరస్పాండెంటు గారు అన్నమాట నిలబెట్టుకున్నారు. తరగతులకు కొత్త మాస్టారిని వేశారు. లెక్కల మాస్టారికి స్టాఫ్‌రూములో కిటికీ పక్కన కుర్చీ వేయించి, సుద్దముక్కల బీరువా ఆయనకు అప్పజెప్పారు. ఉదయం భార్య రిక్షాలో దించిపోయేది, సాయంత్రం వచ్చి తీసుకెళ్లేది. ఎవరైనా వచ్చి సుద్ద అడిగితే పెట్టె తీసి ఇచ్చేవారు. “రంగువేమో, చూసుకోండి,” అనేవారు.

ఒకరోజు గదిలో మేమిద్దరమే ఉన్నాం. పక్క గదిలో కొత్త మాస్టారు లెక్క చెబుతున్నారు. గోడలోంచి అంతా వినపడుతోంది. ఎక్కడో తప్పారు. లెక్కల మాస్టారు కుర్చీలోంచి సగం లేచి, మళ్లీ కూర్చున్నారు.

“ఉద్యోగం పోలేదండీ,” అన్నారు. “మీరు నిజమే చెప్పారు.”

దెప్పినా బాగుండేది. ఆ గొంతులో దెప్పు లేదు. నిజంగానే నాకు ఆ మాట చెప్పాలనుకున్నట్టు చెప్పారు.

బెల్లు కొట్టారు. వరండాలో మాస్టార్లు ఈ గదిలోంచి ఆ గదిలోకి మారుతున్నారు.

“తర్వాతి పీరియడు మీదే గదా,” అన్నారు ఆయన. “పిల్లలు గ్రౌండులో ఎండలో నిలబడి ఉంటారు. వెళ్లండి.”

వెళ్లాను.