ఆపా చెప్పలేదన్నది నిజం కాదు

పోయిన శుక్రవారం పొద్దున మా పక్కింటి ఆపా చనిపోయింది. ఆపా అంటే అక్క, వీధంతా ఆమెను అలాగే పిలిచేది. నేను వంటింట్లో ఉండగా గోడ అవతల ఏడుపు వినబడింది. పొయ్యి ఆర్పి వెళ్లేసరికి వరండా నిండా ఆడవాళ్లు. అక్కడ కూర్చున్న కాసేపట్లో రెండు మాటలు నా చెవిన పడ్డాయి. ఒకటి వీధి చివరామె అన్నది: "కాలేజీలో జువాలజీ సెప్పే ఆమెకే తన ఒంట్లో ఏముందో తెలీకపాయ సూడు." రెండోది ఆపా వాళ్ల అన్న బయట మగవాళ్లతో అన్నది: "ఒక్క మాట సెప్పింటే బొంబాయికైనా తీసకపోయింటి. నోరిప్పలేదప్పా నా చెల్లెలు."

ఇంటి లెక్కల్లో ఒక అంకె తప్పినా నాకు అన్నం సయించదు. ఇవి అంకెలు కావు, ఒక మనిషి చావు. ఆపాకు తెలుసు. తెలిసి, చెప్పింది. ఆ సంగతి ఎరిగిన దాన్ని కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నా పుట్టిల్లు ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. డెబ్భైల మొదట్లో నేను ఆదోనికి కాపురానికి వచ్చేనాటికే ఆపా ఆడపిల్లల జూనియర్ కాలేజీలో లెక్చరర్. పెళ్లి చేసుకోలేదు, అన్న ఇంట్లోనే ఉండేది. తండ్రి చిన్నప్పుడే పోతే, పత్తి వ్యాపారం చేసే అన్న ఆమెను కర్నూలులో హాస్టల్లో పెట్టి చదివించాడు. ఆడపిల్లకు కప్పలు కోసే చదువెందుకని చుట్టాలు దెప్పితే, "కప్పల్నే కదా కోస్తాండేది, మీ గొంతులు కాదు కదా" అన్నాడట. ఆ మాట మా వీధిలో ఆపా చెప్పని ఇల్లు లేదు. చెప్పిన ప్రతిసారీ కొత్తగా నవ్వేది.

ఎవరి కష్టం విన్నా మనం "పాపం" అంటాం. ఆపాకు ఆ మాట గిట్టదు. "పాపం అనొద్దు. ఏం సేస్తావో సెప్పు" అనేది. వేరుశనక్కాయ ఒలిచినా పప్పును రెండు బద్దలు చేసి, మధ్యన ఉన్న మొలకను పిల్లలకు చూపించాకే నోట్లో వేసుకునేది.

ఒక ఎండాకాలం మా చిన్నవాడితో పాలు మాన్పించాను. రొమ్ములు రాయిలా గట్టిపడి నాకు జ్వరం తగిలింది. మా అత్త మల్లెపూలు తెప్పించి, గుడ్డలో పరిచి ఛాతీకి కట్టింది. పాలు ఎండిపోవడానికి మా ఇళ్లలో చేసే వైద్యం అదే. ఆపా వచ్చి చూసింది.

"ఏమ్మే, జడలో పెట్టాల్సినవి యాడ పెట్టుకున్యావు?"

మా అత్త ఊరుకునే మనిషి కాదు. "నువ్వేమన్నా బిడ్డకు పాలిచ్చినావా? కప్పల సంగతి సెప్పుకో పో."

"కప్పలు పాలియ్యవు పెద్దమ్మా. ఆ మాత్రం తెలుసు నాకు."

మా అత్త కూడా నవ్వింది. ఆపా సుద్దముక్క తీసి, బట్టలు ఉతికే బండ మీద ద్రాక్షగుత్తి లాంటి బొమ్మ వేసింది. ఆ పండ్లు పాల గదులట. వాటి గోడల్లోని కణాలే పాలు తయారు చేస్తాయట. "పూలు పని సేస్తాయో లేదో నాకు తెలీదు. కానీ బిడ్డ తాగడం మానేసినాక ఆ కణాలు వాటంతట అవే సచ్చిపోతాయి. ఎవురూ సంపరు. కుళ్లవు, చీము పట్టవు. మట్టసంగా ముడుచుకోని పోతాయి. మళ్లా బిడ్డ పుడితే కొత్తవి పుడతాయి."

"సావమని వాటికి ఎవరు సెప్తారాపా?"

"అది నాకు తెలీదు మ్మే" అంది. తెలియనిది తెలియదని చెప్పే చదువుకున్నవాళ్లను నేను అంతకుముందు చూడలేదు.

నేను అడిగి మర్చిపోయాను. ఆమె మర్చిపోలేదు. పదేళ్లు దాటాక ఒకసారి పేపర్లు దిద్దడానికి కర్నూలు వెళ్లి, అక్కడి లైబ్రరీలో ఏవో పత్రికలు చదివి వచ్చింది. బస్సు దిగి సంచీ కూడా ఇంట్లో పెట్టకుండా నేరుగా మా ఇంటికి వచ్చింది.

"నీ ప్రశ్నకు జవాబు దొరికినట్టుంది. ఒంట్లోనే కొన్ని ప్రొటీన్లు ఉంటాయి. పెరుగుదల కారకాలని పేరు. కణాల్ని పెంచేవి అవే. వాటిల్లోనే ఒక రకం, పాల కణాల కాడికి వస్తే, ఇంక సాలు, పొండి అని సెప్తుందేమో అనుకుంటాండారు. ఇంకా ఖాయంగా తేల్లేదు."

"పెంచేదే సంపుతుందా?"

"ఆ మాట వినని కణం ఉంటుంది సూడు, అది ఇంకా చెడ్డది. సావమంటే సావదు. గడ్డై కూర్చుంటుంది. అట్లాంటి గడ్డ చేతికి తగిల్తే మాత్రం ఒక్క దినం ఆగొద్దు."

వీధిలో ఆడవాళ్లందరికీ అదే చెప్పేది. కూరగాయల బండి దగ్గర కూడా చెప్పేది. ఇద్దరు ముగ్గురిని తనే వెంటబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లింది.

ఆ మరుసటి ఏడే ఆమెకే గడ్డ తగిలింది. స్నానం చేస్తుంటే ఎడమవైపు చేతికి తెలిసిందట. ఆ సాయంత్రమే అన్నకు చెప్పింది. ఆయన కూతురికి అప్పుడే కోడుమూరు సంబంధం కుదిరింది. ఆ పిల్లను పాలు మరిచినప్పటి నుంచి పెంచింది ఆపానే. ఇంట్లో ఈ జబ్బుందని తెలిస్తే పెళ్లివాళ్లు వెనక్కి పోతారని అన్న అన్నాడు. నిఖా కానీ, ఆ తర్వాత చూద్దామన్నాడు.

నేను ఆయన దగ్గరికి వెళ్లి అడిగాను. "అన్నా, ఇది ఆగే జబ్బు కాదంట. ఆపానే సెప్తాంది."

"మా ఇంటి సంగతమ్మా ఇది. నువ్వు మంచి మనసుతో అడిగినావు, సంతోషం. టీ తాగి పో" అన్నాడు. టీ తాగలేదు.

తిరిగి వచ్చి ఆపానే తిట్టాను. "జీతం తెచ్చుకునే మనిషివి. బస్సెక్కితే కర్నూలు ఎంత దూరం?"

"ఎక్కొచ్చు. పాప నిఖా నిల్చిపోతే మళ్లా ఆ ఇంట్లోకి యా మొగంతో రావల్ల? నన్ను సదివించినోడు మ్మే ఆయన. ఆయన లేకుంటే నేను యాడుందును?"

"పెంచినోడు ఆగమంటే ఆగి సావడానికి నువ్వేమన్నా పాల కణానివా ఆపా?"

 ఆమె నవ్వింది. "పాఠం బాగానే ఎక్కింది నీకు" అంది.

నాకు నవ్వు రాలేదు. ఇప్పటికీ రాదు.

నిఖా వాళ్లు అనుకున్న తారీఖుకు జరగలేదు. మగపెళ్లివాళ్లు పంట చేతికి రానీ అన్నారు, తర్వాత రంజాన్ అయిపోనీ అన్నారు. పెళ్లి నాడు ఆపా పచ్చచీర కట్టుకుని, ఎడమచెయ్యి పైకెత్తలేక కుడిచేత్తోనే అందరికీ వడ్డించింది. ఆ తర్వాత అన్న తీసుకెళ్లాడు, కాదనను. ఆపరేషన్ కూడా చేయించాడు. అప్పటికి అది చంకలోకి పాకిందని డాక్టరు చెప్పాడు.

తెలియక పోయిందనే మాట వినడానికి తేలిక. అందరికీ పాఠం చెప్పిన మనిషిని ఒక పెళ్లి కోసం ఆపారనడం కష్టం. అందుకే ఊరు మొదటి మాటనే పట్టుకుంది.

చివరి నెలలో మేనకోడలు కాన్పుకు పుట్టింటికి వచ్చింది. బిడ్డ పుట్టిన కొన్నాళ్లకు, నేను ఆపాకు గంజి తాగిస్తుంటే ఆ పిల్ల ఏడుస్తూ గదిలోకి వచ్చింది. మేనత్తను వాళ్లు ఫుప్పు అంటారు. "ఫుప్పూ, గడ్డలా తగుల్తాంది" అంది. గుమ్మంలో నిలబడిన వాళ్ల నాయన లోపలికీ రాలేదు, అక్కడి నుంచి కదలనూ లేదు.

అప్పటికి ఆపా తనంతట పక్కకు కూడా తిరగలేకపోయేది. నా భుజం పట్టుకుని లేచి కూర్చుంది. కళ్లు మూసుకుని, మూడు వేళ్లతో నెమ్మదిగా చుట్టూ నొక్కి చూసింది.

"దూధిచ్ హై" అంది ఆపా. నావైపు తిరిగి, "పాలే మ్మే" అంది. "బిడ్డను పట్టు, తాపించు."

పిల్ల ఏడుపు ఆపి పైట సర్దుకోబోయింది. ఆపా ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది. రెండో వైపు కూడా చూడనిమ్మని తలతో సైగ చేసి, మళ్లీ కళ్లు మూసుకుంది.