చేతులు రెండూ బాగున్నాయి

డిప్లొమా చేతికొచ్చాక, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ రెండేళ్ళకు పైగా ఆత్మకూరులో ఒక వకీలు దగ్గర ప్లాన్లు గీశాను. ఎనభైల మొదటి సంవత్సరాలవి. నేను చదివింది సివిల్. కాలువలూ కల్వర్టులూ గీయాల్సినవాణ్ణి గట్టు తగాదాలకు సరిహద్దులు గీసేవాణ్ణి, లారీ ప్రమాదాలకు రోడ్డు పటాలు గీసేవాణ్ణి. లారీ ఇక్కడ, సైకిలు అక్కడ, బ్రేకు వేసిన జాడ ఇంత పొడవు, ఉత్తరం ఇటు. పటం కింద వివరాలకు అంకెలు వేయడం నాకు అలవాటు. వకీలు నవ్వేవాడు. "నిన్ను పెళ్ళిచూపులకు పంపిస్తే పిల్లకు కూడా ఒకటీ రెండూ అని వేసుకొస్తావురా" అనేవాడు.

ఒకరోజు ఆయన ఒక ఫైలు నా ముందు పడేశాడు. రోడ్డు పటం అందులో ముందే ఉంది, నేను గీసిందే. ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చేసే వీధిలోని ఒక సాయిబు కేసు అది. దుత్తలూరులో సరుకు అమ్ముకుని సైకిలు మీద ఇంటికి వస్తుంటే వెనకనుంచి లారీ గుద్దింది. ప్రాణం దక్కింది కానీ వెన్నెముక విరిగింది. నడుము కిందనుంచి కదలిక లేదు, స్పర్శ లేదు. మద్రాసు పెద్దాసుపత్రిలో నెలల తరబడి ఉంచి, ఇక ఇంతేనని పంపేశారు. నష్టపరిహారం కోసం నెల్లూరు ట్రిబ్యునల్లో వేసిన కేసు. తప్పు లారీదేనన్న దాని మీద తగాదా లేదు. ఆయన పోగొట్టుకున్నది ఎంత అన్న దాని మీదే.

ఇన్సూరెన్సు వాళ్ళ జవాబు వచ్చింది. అందులో మూడే మాటలు. డాక్టరు సర్టిఫికెట్టులోనే "చేతులు రెండూ బాగున్నాయి" అని ఉంది. చెంచాలు చేయడం కూర్చుని చేసే పని. పైగా పోయిన నెల తమ మనిషి ఒకడు ఆ ఇంటికే వెళ్ళి ఒక చెంచా కొన్నాడు, అది మా ఆయన చేసిందేనని భార్య స్వయంగా చెప్పింది. ఆ చెంచా కోర్టులో దాఖలు చేశారు.

"మూడోది నిలబడిందంటే మనవాడి బతుకుతెరువు పోనట్టే లెక్క," అన్నాడు వకీలు. "ఆసుపత్రి ఖర్చు ఇచ్చి చేతులు దులుపుకుంటారు. మిగతా జన్మంతా ఆ మంచం మీద ఎట్టా గడవాల? ఒరే, నువ్వు పోయి చూసిరా. ఆ పని ఎట్టా చేస్తారో నాకు తెలవదు. జడ్జిగారికి అంతకన్నా తెలవదు."

నాకూ తెలియదు. ఆ చెక్క గరిటెలతో మా అవ్వ కలిపిన కూరలు తింటూ పెరిగినవాణ్ణి, ఒక గరిటె ఎలా తయారవుతుందో ఎప్పుడూ చూడలేదు. బస్సులో ఉదయగిరి పోతున్నంతసేపూ కాగితం మీద ప్రశ్నలు రాసుకున్నాను. పద్నాలుగయ్యాయి.

సాయిబు వసారాలో నవారు మంచం మీద, గోడకు మూడు దిండ్లు వేసుకుని ఆనుకుని ఉన్నాడు. నలభై దాటి ఉండవు. భుజాలు ఇంకా పనివాడి భుజాలే. భార్య గడప దగ్గర నేల మీద కూర్చుని ఒక కర్రముక్కను ఆకురాయితో రాస్తోంది. నన్ను చూడగానే చీర కుచ్చిళ్ళు పాదాల మీదికి లాక్కుంది.

"వకీలు పంపిన ఇంజనీరా? రా, కూచో," అన్నాడాయన. "రోడ్డు కొలిచినావు గదా, ఇప్పుడు నన్ను కొలవడానికి వచ్చినావా?"

"పని చూద్దామని వచ్చాను భాయ్. ఈ చెంచాలు ఎవరు చేస్తున్నారు?"

"ఎవరు చేస్తారు? నేనే."

"ఈ మంచం మీదా?"

"చేతులు బాగానే ఉండాయి గదా. మీ డాక్టరే రాసినాడంట."

భార్య తల ఎత్తలేదు. ఆకురాయి చప్పుడు మాత్రం ఆగింది.

పని గురించి అడిగితే మాత్రం ఆయన ఎంతసేపైనా చెప్పేవాడు. కొండ మీది కర్రల్లో ఏది పగలదో, ఏది పులుసులో నానినా రంగు విడవదో, కోసిన కర్ర ఎన్నాళ్ళు నీడన ఆరాలో. రంపం, బాడిశ, ఉలి, ఆకురాయి, చివర గరుకు కాగితం. నేను రాసుకుంటూ పోయాను. రాసుకుంటుండగా ఒక విషయం తట్టింది. రెండు చేతులూ ఆకురాయి మీదే ఉంటే కర్రను పట్టుకునేది ఎవరు?

"కాలు," అన్నాడాయన, అదేం ప్రశ్న అన్నట్టు. "మడమతో దిమ్మె మీద అదిమి పెడతాం. ఎడమకాలి బొటనవేలికీ పక్కవేలికీ నడుమ కాడ. ఎంత గట్టిగా పట్టాలో, ఎప్పుడు తిప్పాలో వేళ్ళకే తెలుస్తాది."

నేను లేచి మంచం కాళ్ళవైపు వెళ్ళాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అడగకుండానే వంగి ఆయన ఎడమ పాదం చూశాను. ముప్పై ఏళ్ళు కర్ర పట్టిన వేళ్ళ సందున కాయ కాచి ఉండాలి. అది పొరలు పొరలుగా రాలిపోయి కింద లేత చర్మం కనబడుతోంది. నడక రాని పిల్లల పాదంలా మెత్తగా ఉంది. వెనక్కి తిరిగేసరికి ఆవిడ కుచ్చిళ్ళు కొంచెం జరిగి ఉన్నాయి. ఆవిడ ఎడమకాలి వేళ్ళ సందున చర్మం ఎర్రగా చీరుకుపోయి, అంచుల్లో గట్టిపడుతోంది.

నా పద్నాలుగు ప్రశ్నల్లో చాలావాటికి జవాబు దొరికింది. కానీ కొత్తదొకటి పుట్టింది. ఆవిడ ఆ కొన్నవాడితో అలా ఎందుకు చెప్పింది?

అడిగాను. ఆవిడే చెప్పింది. "అది అబద్ధం కాదు తమ్ముడూ. ఈ వీధిలో ఏ ఇంట్లో అడిగినా అంతే. కోసేది ఒకరు, గీకేది ఒకరు, నునుపు పెట్టేది ఆడోళ్ళు. ఎవరు చేసినా ఇంటి ఉస్తాదు పనే. నా పెళ్ళైన కాడినుంచీ గిరాకీకి అట్టనే చెప్తా ఉండాను. వాడు కంపెనీ మనిషని నాకేం తెలుసు?"

"ఇప్పుడు మొదటినుంచి చివరిదాకా నువ్వే చేస్తున్నావు కదక్కా. ఆ మాట కోర్టులో చెప్పాలి."

జవాబు మంచం మీదనుంచి వచ్చింది. "చెప్పేది లేదు. మా నాయన దగ్గరినుంచి నాకొచ్చిన పని ఇది. కాళ్ళు పోయినాయి, సరే. పని కూడా పోయిందని జడ్జి ముందర నా నోటితో చెప్పమంటావా? ఆ మాట గిరాకీ చెవిన పడితే రేపు నా చెంచా ఎవడు కొంటాడు?"

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కాను. బస్సెక్కినా బుర్ర ఊరుకోలేదు. కాలు చేసే పనిని యంత్రం చేయలేదా? కర్రను ఇనప దవడల బైసుకు బిగిస్తే? అవతలి వకీలు రేపు కోర్టులో అదే అడిగితే ఏం చెప్పాలి? నిజంగానే బైసుతో పని జరిగితే మా కేసు తప్పన్నమాట. అది కూడా తెలుసుకోవాలనిపించింది. మర్రిపాడు రోడ్డులో లారీ బాడీలు కట్టే షెడ్డులో నాతో చదివినవాడు ఒకడుండేవాడు. వారం తర్వాత వాడి దగ్గర చిన్న బైసు అడిగి తీసుకుని, ఒక బల్లకు బిగించి, ఆ బల్లతో సహా మళ్ళీ ఉదయగిరి వెళ్ళాను.

ఆయన దాన్ని చూసి వెక్కిరించాడు. "ఇనప కాలు తెచ్చినావా? తే, చూస్తాం."

కానీ కళ్ళలో ఆశ కనబడింది. నాకూ ఉండింది. పక్కింటివాళ్ళిద్దరు పట్టుకుని ఆయన్ను బల్ల ముందు కూర్చోబెట్టారు. నేను కర్ర బిగించాను. ఆయన ఆకురాయి రెండు చేతులా పట్టుకుని, ఎన్నాళ్ళకో మళ్ళీ, ముందుకు తోశాడు.

ఒంటికి కింద ఆనిక లేదు. తోసిన చేతుల వెంట మనిషి మొత్తం ముందుకు వెళ్ళిపోయాడు. నుదురు బైసు పిడికి తగిలింది. మేం పట్టుకుని లేపాం. ఇంకోసారి అన్నాడు. రెండోసారి దుప్పటితో నడుమును కుర్చీకి కట్టాం. నాలుగు తోపులు తోశాడు. ప్రతి తోపుకూ కర్రను కొంచెం తిప్పాలి, ప్రతిసారీ బైసు విప్పి బిగించాలి. విప్పి చూస్తే లేత కర్ర మీద ఇనప పళ్ళ గాట్లు.

నుదుటిమీద బొప్పిని వేళ్ళతో తడుముకుంటూ, "ఎత్తుకుపో," అన్నాడాయన. "నీ కొలతలు నువ్వు తీసుకున్నావు గదా. ఇంక పోరా ఇక్కణ్ణించి."

నేను వెళ్ళిపోయాను. ఆత్మకూరు చేరాక పటం గీశాను. పక్కనుంచి చూస్తే కూర్చున్న మనిషి, దిమ్మె, మడమ, వేళ్ళు. చెంచా పనిలో అంచెలు పదకొండని లెక్క తేలింది, అందులో తొమ్మిదింటికి కాలు కావాలి. తొమ్మిదింటికీ అంకెలు వేసి, బైసు సంగతి కూడా ఉన్నదున్నట్టు రాశాను. వకీలు మెచ్చుకుని, "పటం సాక్ష్యం చెప్పదురా. మనిషి చెప్పాల," అన్నాడు.

నెల్లూరులో విచారణ రోజున సాయిబును కుర్చీతో సహా మెట్లెక్కించారు. కోర్టువారి ఎదుట ఆయన మొహం చూస్తే నాకు నమ్మకం పోయింది. గిరాకీ ముందు కూర్చున్న ఉస్తాదులా తల ఎత్తి ఉన్నాడు. భార్య వెనక గోడకు ఆనుకుని నిలబడింది.

అవతలి వకీలు తొందరపడలేదు. ముందు చేతులు చాపమన్నాడు, చాపాడు. పిడికిలి బిగించమన్నాడు, బిగించాడు. బలం ఉందా అంటే, ఉండాది సార్ అన్నాడు. అప్పుడు దాఖలైన చెంచా తెప్పించి ఆయన చేతిలో పెట్టాడు.

"మీ ఇంట్లో కొన్నదే. ఇది నీ పనేనా?"

ఆయన అవునంటాడనే అనుకున్నాను. చెంచాను వెలుతురుకు ఎత్తాడు. గుంట లోపల బొటనవేలితో రాసి చూశాడు. కాడ పొడవునా రెండు వేళ్ళతో జారి, గుంట కాడను కలిసే మెడ దగ్గర ఆగాడు. అక్కడ వేళ్ళు ముందుకీ వెనక్కీ చాలాసేపు తిరిగాయి. కోర్టుహాలులో ఉన్నానన్న సంగతి మరిచిపోయినట్టే ఉంది. జడ్జిగారు కలం కింద పెట్టి చూస్తున్నారు.

"కాదు సార్," అన్నాడు.

"కాదా? ఎట్టా చెప్తావు?"

"ఈ మెడ చూడండి. ఇంత సన్నంగా నేనెప్పుడూ తియ్యలేదు. విరుగుతాదని భయం నాకు. మా నాయన కూడా తియ్యలేదు. ఇది నా పని కాదు. నా పెండ్లాం పని."

వెనక గోడ దగ్గర ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇట్టా చెప్పమని నీకెవరు నేర్పించారు?"

"నేర్పించేదానికి ఒకడొచ్చినాడు సార్. నా కాలివేళ్ళు లెక్కబెట్టినాడు. తిట్టి పంపించినా."

హాలులో నవ్వులు లేచాయి. మా వకీలు నావైపు చూడకుండా జాగ్రత్తపడ్డాడు. జడ్జిగారు మాత్రం నవ్వలేదు. కాలివేళ్ళ సంగతేమిటని అడిగారు. ఆయన చెప్పాడు. కాలు ఏం చేస్తుందో, ఇప్పుడేం చేయదో, బల్ల ముందు కూర్చోబెడితే ఏమయిందో, నుదురు తగిలిన సంగతితో సహా. నా పటంలోని తొమ్మిది అంకెల్లో ఏడు చెప్పాడు, వరసగా. మిగతా రెండూ జడ్జిగారు పటంలో చూసుకున్నారు.

తీర్పు కొన్ని నెలలకు వచ్చింది. చేతులు బాగున్నంత మాత్రాన పని ఉన్నట్టు కాదని, ఆయన వృత్తి పూర్తిగా పోయినట్టేనని అందులో రాశారు. జీవితాంతం ఒక మనిషి తోడు కావాలన్నది కూడా లెక్కలోకి తీసుకున్నారు. వకీలు ఆ పేరా నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు.

నాకు ఎక్కువగా గుర్తున్నది మాత్రం విచారణ రోజు తిరుగు ప్రయాణం. అద్దె వ్యానులో వెనక ఆయన్ను పడుకోబెట్టారు. ఆత్మకూరు బస్టాండు బయట టీకి ఆపాం, నేను అక్కడే దిగాలి. ఇంట్లో ఉర్దూలో మాట్లాడుకునేవాళ్ళు, నాకు కూడా అర్థం కావాలనేమో, ఆవిడ తెలుగులో అడిగింది.

"ఆ చెంచా మెడ బాగుండాదని ఇంట్లో ఒక్క దినమన్నా చెప్పినావా?"

ఆయన వ్యాను పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు.

"చెప్తే ఇంకా సన్నంగా తీస్తావు. విరగ్గొడతావు."

"విరగలేదు గదా ఇంతవరకూ."

"లేదు," అన్నాడు. ఆవిడవైపు తల తిప్పి, "కాలు ఎట్టా పెడతా ఉండావు దానికి? నేను చూళ్ళేదు, ఎప్పుడూ కాలి మీద చీర కప్పుకుంటావు. ఇంటికి పోయినాక మంచం పక్కనే కూర్చొని తియ్యి. చూస్తా," అన్నాడు.

ఆవిడ టీ గ్లాసు ఆయన చేతికిచ్చి, తల వెనక చెయ్యి పెట్టి లేపింది. నేను దిగి నిలబడ్డాను. నాకూ చూడాలని ఉండింది, కానీ అడగలేదు.